మూడు నెలల సూది: పటాన్‌చెరు నుంచి సత్యవేడు దాకా

గిరిజనుల చరిత్ర అనగానే మనకు పితూరీలు గుర్తొస్తాయి. రంప, గూడెం, జోడేఘాట్. భూమి కోసం, అడవి కోసం మన పెద్దలు చేసిన పోరాటాలు. అవి రాసుకోవాల్సినవే, ఇంకా రాయాల్సింది చాలానే ఉంది. అయితే మన ఆడవాళ్ల ఒంటి మీద నడిచిన చరిత్ర ఇంకొకటి ఉంది. ఎన్ని కాన్పులు కావాలి, ఎప్పుడు ఆపాలి, దేనితో ఆపాలి అన్నది ఎవరు తేల్చారు? తేల్చేటప్పుడు ఆమెను అడిగారా? దీన్ని ఎవరూ మనకు పాఠంగా చెప్పలేదు. ఈ వ్యాసంలో మేము ఒక సూది మందును పట్టుకొని ఆ చరిత్రలోకి పోతాం.

ముందు మా ప్రాంతం గురించి రెండు మాటలు. సత్యవేడు తమిళనాడుకు ఆనుకొని ఉన్న మండలం. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఒకపక్క శ్రీసిటీ ఫ్యాక్టరీలు, ఇంకోపక్క చెరువు గట్ల మీద, ఊళ్ల చివర యానాది కాలనీలు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 5 లక్షలకు పైగా ఉన్నారు, ఎక్కువమంది నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లోనే. ఈ కాలనీల్లో పెళ్లిళ్లు తొందరగా అవుతాయి. తొందరగా కాన్పులు, రెండో బిడ్డ పుట్టగానే ఆపరేషన్. పాతికేళ్లకే ఆ కథ ముగిసిపోతుంది.

ఆ మధ్యలో ఇంకో దారి ఉందని కొన్నేళ్లుగా నర్సమ్మలు, ఆశ అక్కలు చెబుతున్నారు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేసే సూది. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు 'అంతర'. మూడు నెలలకొకసారి వేయించుకుంటే కడుపు నిలవదు. కాలనీల్లో దీని గురించి వినిపించే మాటలు మాత్రం వేరు. "ఆ సూది ఏసుకుంటే ముట్టు ఆగిపోతాదంట గదా మే, చెడు రక్తం లోపలే నిలిచి ఒళ్లు ఊదిపోతాదంట" అంటుంది ఒకామె. "ఇంక బిడ్డలే పుట్టరంట" అంటుంది ఇంకొకామె. ఈ మాటల్లో కొన్ని తప్పు, కొన్ని సగం నిజం. అన్నింటి వెనకా ఉన్న భయం మాత్రం పుట్టుకొచ్చింది గాల్లోంచి కాదు. దానికి నలభై ఏళ్ల చరిత్ర ఉంది, ఆ చరిత్రలో పెద్ద భాగం తెలుగు నేల మీదే జరిగింది.

ఆపరేషన్ నుంచి మొదలుపెడదాం. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వాటిలో 60 లక్షలకు పైగా మగవాళ్లవి. పట్టుకుపోయి కోశారన్న కోపం 1977 ఎన్నికల్లో ప్రభుత్వాన్నే పడగొట్టింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు. భారమంతా ఆడవాళ్ల మీదికి జరిగింది. మన రాష్ట్రంలో అది ఎంతగా జరిగిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న వివాహిత స్త్రీలు నూరు మందిలో దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. దేశంలో ఇంత ఎక్కువ ఉన్న రాష్ట్రం ఇంకొకటి లేదు. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా తేలరు. మాత్రలు, కాపర్-టీ, నిరోధ్, సూది అన్నీ కలిపినా నూటికి రెండు మూడు దాటవు. అంటే మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అన్న మాటకు అర్థం ఆడవాళ్ల ఆపరేషన్ అనే.

అదే సర్వేలో, 20-24 ఏళ్ల యువతుల్లో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయిందని కూడా ఉంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై రెండేళ్లకు ఆపరేషన్. మధ్యలో బిడ్డకూ బిడ్డకూ ఎడం పెట్టుకోవాలంటే ఆమెకు చెప్పేవాళ్లు లేరు, ఇచ్చేవాళ్లు లేరు. మూడు నెలల సూది అవసరం నిజంగా ఉన్న చోటు ఇదే.

ఇప్పుడు ఆ సూది పుట్టుక. దీని అసలు పేరు డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టరాన్ అసిటేట్, పొట్టిగా డీఎంపీఏ. అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ 'డిపో-ప్రొవెరా' పేరుతో తెచ్చింది. డిపో అంటే మన బస్సు డిపో లాంటి మాటే. మందు కండలో నిలవ ఉండి, అక్కడినుంచి రోజూ కొంచెం కొంచెంగా రక్తంలోకి పోతుంది. దీనికి అక్కలాంటిదో చెల్లెలిలాంటిదో ఇంకొకటి ఉంది: నోరెథిస్టెరోన్ ఎనాంథేట్, నెట్-ఎన్ అంటారు. జర్మనీలోని షేరింగ్ కంపెనీది. దాన్ని రెండు నెలలకొకసారి వేస్తారు.

అమెరికాలో ఈ సూదికి చాలా ఏళ్లు అనుమతి దొరకలేదు. బీగిల్ జాతి కుక్కల మీద పరీక్షిస్తే రొమ్ములో గడ్డలు కనిపించాయి. 1978లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. అనుమతి లేని ఆ ఏళ్లలోనే అట్లాంటా నగరంలోని గ్రేడీ ఆసుపత్రి క్లినిక్‌లో వేలమంది స్త్రీలకు ఈ సూది వేశారు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి పేదలు. ఆ దేశపు ఆదివాసులకు వైద్యం చేసే ప్రభుత్వ విభాగం కూడా, మానసిక వైకల్యం ఉన్న ఆదివాసీ స్త్రీలకు అనుమతి రాకముందే ఇచ్చింది. ఆ సంగతి 1987లో అమెరికా చట్టసభ విచారణ దాకా పోయింది. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల ప్రభుత్వం నల్లజాతి స్త్రీలకు ఇదే సూదిని ముందుకు తోసింది. అందుకే జింబాబ్వే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1981లో, దీన్ని నిషేధించింది. అప్పటికే ఇష్టపడి వాడుకుంటున్న ఆడవాళ్లు అక్కడా ఉన్నారు. వేసేటప్పుడు వాళ్లను అడగనట్టే ఆపేటప్పుడూ అడగలేదు.

ఇంకో పక్క కూడా చెప్పాలి. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మెకార్మిక్ అనే మిషన్ ఆసుపత్రి 1965 నుంచే ఈ సూది ఇచ్చింది. కొండ పల్లెల నుంచి కూడా ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చి వేయించుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని దేశాల్లో చేయించిన పెద్ద అధ్యయనంలో, కుక్కల్లో కనిపించిన రొమ్ము క్యాన్సర్ ప్రమాదం ఆడవాళ్లలో మొత్తంగా పెరిగినట్టు తేలలేదు. 1992లో అమెరికా కూడా అనుమతించింది. కాబట్టి ఈ మందు విషమూ కాదు, అమృతమూ కాదు. ఎవరికి, ఎవరు, ఏం చెప్పి వేశారన్న దగ్గరే దీని చరిత్ర అంతా ఉంది.

ఆ చరిత్ర మన దగ్గర పటాన్‌చెరులో మొదలైంది. హైదరాబాద్ పక్కన, అప్పటి మెదక్ జిల్లాలో. 1980ల మొదట్లో భారత వైద్య పరిశోధనా మండలి దేశంలో అనేక చోట్ల నెట్-ఎన్ సూది మీద ప్రయోగాలు నడుపుతోంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ సూది కోసం ఆడవాళ్లను పోగుచేశారు. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు విషయం తెలిసి అక్కడికి వెళ్లారు. వచ్చిన ఆడవాళ్లతో మాట్లాడితే, ఇది ప్రయోగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదని, దుష్ఫలితాల సంగతి తెలియదని బయటపడింది. కడుపు రాకుండా కొత్త సూది, అంతే వాళ్లకు తెలిసింది. సంఘటన వాళ్లు విషయం విడమరిచి చెప్పేసరికి చాలామంది వేయించుకోకుండా వెళ్లిపోయారని వాళ్లు రాశారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పటాన్‌చెరుకు వచ్చిన ఆ ఆడవాళ్లు తెలివితక్కువ వాళ్లా? కాదు. చెప్పగానే అర్థం చేసుకున్నారు, అర్థం చేసుకొని నిర్ణయం తీసుకున్నారు. పల్లెటూరి ఆడవాళ్లకు చెప్పినా అర్థం కాదు, అందుకే చెప్పలేదు అనే వాదన ఆ ఒక్క రోజుతో కూలిపోయింది. మన కాలనీల గురించి కూడా ఇదే వాదన ఈరోజుకీ వినిపిస్తుంది.

స్త్రీశక్తి సంఘటన అంటే ఎవరో మన యువతకు తెలియకపోవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది వాళ్లే. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి 'సవాలక్ష సందేహాలు' అనే తెలుగు పుస్తకం తెచ్చిందీ వాళ్లే. మన పాఠశాలల గ్రంథాలయాల్లో ఉండదగ్గ పుస్తకం అది. చరిత్ర రాయడం, ఒంటి గురించి చెప్పడం రెండూ ఒకే పని అని వాళ్లు అనుకున్నారు. మేమూ అదే అనుకుంటున్నాం.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలి, మరికొందరు కలిసి సుప్రీంకోర్టులో రిట్ వేశారు. ప్రయోగంలో ఉన్న స్త్రీల నుంచి తెలిసిన మీదట ఇచ్చిన అంగీకారం తీసుకోలేదు, మందు భద్రత తేలలేదు, కాబట్టి ప్రయోగాలు ఆపాలి అన్నది వాళ్ల కోరిక. కేసు పద్నాలుగేళ్లు నడిచింది. 2000లో ముగిసేనాటికి ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది: నెట్-ఎన్‌ను కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడడం మంచిది కాదు, తర్వాత చూసుకోవడానికీ వివరంగా చెప్పడానికీ ఏర్పాట్లున్న చోటే వాడాలి అని. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో అడిగిన ప్రశ్న దేశం మొత్తానికి జవాబు రాబట్టింది.

ఆ కేసు నడుస్తుండగానే డిపో-ప్రొవెరా వచ్చింది. 1990ల మొదట్లో ప్రైవేటు మార్కెట్లో అమ్మడానికి కేంద్రం అనుమతించింది. ఇక్కడి స్త్రీల మీద జరగాల్సిన పెద్ద పరీక్షలు జరగకుండానే ఎలా ఇచ్చారని మహిళా సంఘాలు, కొందరు డాక్టర్లు మళ్లీ కోర్టుకెక్కారు. 1995లో ఔషధ సాంకేతిక సలహా మండలి, డాక్టరు చీటీ మీద ప్రైవేటుగా వాడుకోవచ్చు గానీ ప్రభుత్వ కార్యక్రమంలో పెట్టొద్దంది. అలా ఇరవై ఏళ్లు, డబ్బున్నవాళ్లు కొనుక్కునే మందుగా, పేదలకు అందని మందుగా ఉండిపోయింది. దీని మీద మహిళా ఉద్యమంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. పేదల ఆసుపత్రుల్లో చెప్పేవాళ్లు, చూసేవాళ్లు లేనప్పుడు ఇలాంటి మందు ప్రమాదమని ఒకటి. పేదరాలికి మాత్రం ఆపరేషన్ తప్ప ఇంకో దారి ఉండకూడదా అని రెండోది. రెండింటిలోనూ న్యాయం ఉంది. మొదటి వాదన చేసినవాళ్లు లేకపోతే ఈరోజు రెండో వాదన చేసే ధైర్యం మనకు ఉండేది కాదని మా అభిప్రాయం.

అడగకపోవడం అంటే ఏమిటో ఉపాధ్యాయులకు దగ్గరగా చెప్పే ఉదాహరణ ఒకటి ఖమ్మంలో జరిగింది. అది ఈ సూది కథ కాదు, వేరే సూది కథ. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు. చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవయింది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ అంది. కానీ అంగీకార పత్రాలు తీసి చూస్తే, పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

ఆ టీకా మంచిదే. చాలా దేశాలు తమ పిల్లలకు వేస్తున్నాయి. అయినా భద్రాచలంలో తల్లిని అడగడానికి బదులు వార్డెన్ సంతకంతో పని కానిచ్చేశారు. నగరంలోని కాన్వెంటు బడిలో అయితే అలా చేసేవాళ్లా? మన బిడ్డల విషయంలో ఆ తేడా ఎందుకొచ్చిందో తరగతి గదిలో మాట్లాడుకోవాల్సిన సంగతి.

దీనికి తిరగబడిన ముఖం కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లో బైగా లాంటి ఆదిమ తెగల జనాభా తగ్గిపోతోందని 1979లో ప్రభుత్వం వాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయవద్దని ఉత్తర్వు ఇచ్చింది. కాపాడాలనే ఉద్దేశం. ఫలితం ఏమిటంటే, ఆరేడు కాన్పులై ఇంక వద్దు అన్న బైగా స్త్రీ ఆసుపత్రికి పోతే కుదరదన్నారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆపరేషన్ క్యాంపుల తర్వాత 13 మంది స్త్రీలు చనిపోయినప్పుడు, ఆ క్యాంపులకు తెచ్చినవాళ్లలో బైగా స్త్రీలు కూడా ఉన్నారు. అంటే నిషేధమూ వాళ్లను కాపాడలేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ నిషేధాన్ని హైకోర్టు 2018లో కొట్టేసింది, అడిగింది బైగాలే. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఆపరేషన్ క్యాంపులు మానేయమని చెప్పింది. మొత్తం మీద గిరిజన స్త్రీకి ఒకచోట చేసి తీరాలి, ఇంకోచోట చేయకూడదు. ఆమె మాట రెండుచోట్లా లెక్కలోకి రాలేదు.

2015లో ఔషధ సలహా మండలి డీఎంపీఏను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చడానికి ఒప్పుకుంది. 2017లో 'అంతర' పేరుతో వచ్చింది. సత్యవేడు ఆడవాళ్లు వింటున్న సూది ఇదే. ఇక దీని పని తీరు చెబుతాం. ఉపాధ్యాయులకు ఒక మాట: పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది, చాలా బడుల్లో దాన్ని ఇంట్లో చదువుకోండి అని దాటేస్తారు. ఆ ఇంట్లో చెప్పేవాళ్లు లేరు.

ఆడవాళ్ల ఒంట్లో సహజంగా ఉండే ప్రొజెస్టరాన్ అనే హార్మోనును పోలిన మందు ఇది. ఒక్కో సూదిలో 150 మిల్లీగ్రాములు. జబ్బకు గానీ పిరుదుకు గానీ వేస్తారు. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. అలా చేస్తే నిలవ ఉండాల్సిన మందు తొందరగా కరిగిపోతుంది. ఇది నెలనెలా అండం విడుదల కాకుండా ఆపుతుంది. గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరిచి మగవాడి కణాలు లోపలికి పోకుండా చేస్తుంది. వేళ తప్పకుండా వేయించుకుంటే ఏడాదిలో వెయ్యిమందిలో ఇద్దరు ముగ్గురికి తప్ప కడుపు రాదు. వేళ తప్పితే ఆ లెక్క మారిపోతుంది.

ముట్టు సంగతి. ఈ సూది వేసుకున్న దాదాపు అందరికీ ముట్టులో మార్పు వస్తుంది. మొదట్లో అప్పుడప్పుడు చుక్కలు చుక్కలుగా అవుతుంది, కొందరికి ఎక్కువ రోజులు అవుతుంది. ఏడాది గడిచేసరికి చాలామందికి పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపల నిలిచిపోతుందన్న మాట ఇక్కడే పుట్టింది. మామూలుగా ప్రతి నెలా గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, కడుపు నిలవకపోతే రాలిపోతుంది. అదే ముట్టు. ఈ మందు ఉన్నప్పుడు ఆ పొర పెరగదు. పెరగనిది రాలదు. లోపల ఏమీ నిలిచిపోదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు ఇది ఒక రకంగా మేలు కూడా. అయితే బాగా ఎక్కువగా, రోజుల తరబడి అవుతుంటే ఓర్చుకోకూడదు, ఆసుపత్రికి పోవాలి.

ఇంక బిడ్డలు పుట్టరన్న మాట తప్పు. కానీ ఆలస్యమవుతుందన్నది నిజం. చివరి సూది తర్వాత మళ్లీ కడుపు నిలవడానికి సాధారణంగా ఏడు నుంచి పది నెలలు పడుతుంది. కొత్తగా పెళ్లయి, ఆరు నెలల్లో బిడ్డ కావాలనుకునే అమ్మాయికి ఇది తగదు. ఒక బిడ్డ పుట్టి, రెండో బిడ్డకు మూడేళ్లు ఎడం కావాలనుకునే తల్లికి సరిపోతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే ఏమవుతుంది? సూది మానేసిన కోడలికి ఆరు నెలలైనా కడుపు నిలవకపోతే అత్త ఏమంటుందో మనకు తెలుసు.

కొందరు బరువు పెరుగుతారు. తలనొప్పి, దిగులు రావచ్చు. వాడుతున్నంత కాలం ఎముకల గట్టిదనం కొంత తగ్గుతుంది, మానేశాక చాలావరకు తిరిగి వస్తుంది. ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం వాడినవాళ్లలో మెదడు పొరల మీద వచ్చే మెనింజియోమా అనే గడ్డ అరుదుగానే అయినా ఎక్కువ కనిపించిందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం ఒకటి చెప్పింది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, రక్తపోటు బాగా ఎక్కువున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు ముదిరినవాళ్లు, ఎందుకో తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు వేసుకోకూడదు. పాలిచ్చే తల్లి కాన్పయిన ఆరు వారాల తర్వాతే వేసుకోవాలి. అందుకే మొదటి సూదికి ముందు డాక్టరు చూడాలి. తర్వాతివి శిక్షణ పొందిన నర్సమ్మ వేయొచ్చు. ఎయిడ్స్, సుఖవ్యాధుల నుంచి ఈ సూది కాపాడదు. దానికి నిరోధే దారి.

ఇంకొక తేడా ఉంది, మాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది. మాత్ర పడకపోతే రేపటి నుంచి మింగడం మానేయొచ్చు. కాపర్-టీ పడకపోతే తీయించుకోవచ్చు. సూది మందు ఒంట్లోకి పోయాక మూడు నెలలు ఎవరూ వెనక్కి తీయలేరు. తర్వాత చెబుతాంలే అనడానికి ఈ మందులో చోటు లేదు. పటాన్‌చెరులో అడిగిన ప్రశ్న బలం అక్కడే ఉంది.

ప్రభుత్వాల లెక్కలు మారుతుంటాయి. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి బిడ్డలున్నవాళ్లు పోటీ చేయకూడదన్నారు. 1997లో రాష్ట్ర జనాభా విధానం తెచ్చి ఆపరేషన్లను పరుగులు పెట్టించారు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలే. జనం తగ్గిపోతారని కంగారు మొదలైంది. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ ఇద్దరు బిడ్డల నిబంధనను తీసేసింది, ఇంకా కనమని పెద్దలు సభల్లో చెబుతున్నారు. నిన్న తక్కువ కనమన్నది వాళ్లే, నేడు ఎక్కువ కనమంటున్నది వాళ్లే. కడుపు మోసేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే. పక్కనే శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం యానాదులను దీవిలో వాళ్లుండే చోట్ల నుంచి కదిలించినప్పుడు కూడా దేశానికి అవసరమనే చెప్పారు. దేశానికి అవసరం అన్న మాట వినగానే మనవాళ్లు ఉలిక్కిపడడంలో వింతేముంది?

సత్యవేడు వైపు ఈ సూదికి ఉన్న అసలు చిక్కు వలస. సంక్రాంతి దాటాక మన కుటుంబాలు ఎన్నో సరిహద్దు దాటి తిరువళ్లూరు వైపు ఇటుక బట్టీలకు పోతాయి. మళ్లీ వానల దాకా రావు. జనవరిలో వేయించుకున్న సూదికి తర్వాతి వేళ ఏప్రిల్‌లో, బట్టీలో ఉన్నప్పుడు వస్తుంది. అడ్వాన్సు తీసుకున్న కుటుంబాన్ని మేస్త్రీ పూట సెలవుకు కూడా కదలనివ్వడు. ఇక్కడి నర్సమ్మ రిజిస్టరులో 'రాలేదు' అని పడుతుంది. నిజానికి ఈ సూది తమిళనాడు ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఉంది, కేంద్రం కార్యక్రమమే కాబట్టి. మొదటి సూది రోజు ఇచ్చే కార్డు మీద తేదీలు రాసి ఉంటాయి. ఆ కార్డును రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు మూటలో పెట్టుకొని పోతే అక్కడి నర్సుకు చూపించొచ్చు. భాష అడ్డం కాదు, మన సరిహద్దు యానాదులకు తమిళం బాగానే వస్తుంది. అడ్డం బట్టీ యజమానే. అందుకని పోయే ముందు లెక్క చూసుకోవడం మేలు.

ఆ లెక్క చదువు రాని తల్లికి చెప్పేటప్పుడు తేదీల కంటే సంతలు పనికొస్తాయి. మూడు నెలలంటే పదమూడు వారాలు, అంటే పదమూడు సంతలు. సూది పడిన వారం నుంచి సంతలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. పదమూడో సంతకు మళ్లీ సూది. బట్టీకి పోయేదుంటే రెండు సంతలు ముందే వేయించుకోవచ్చు. కుదరకపోతే నాలుగు సంతలు ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ పదిహేడూ దాటితే మాత్రం కడుపు లేదని నిర్ధారించుకొని గానీ మళ్లీ మొదలుపెట్టరు. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకోవచ్చు, కొంగుకు ముడులు వేసుకోవచ్చు. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే కూతురుంటే ఆ లెక్క ఆమెకు అప్పగించడం ఇంకా మంచిది.